గాల్లో పీకిన పన్ను

ఆ రోజు పొద్దున మేస్త్రీ ఇంకా మొహం కడుక్కోకముందే కెప్టెన్‌గారి భార్య ఫోను చేసింది. ఆవిడ ఎప్పుడు చేసినా ముందు మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగి, మాత్రలు వేసుకుంటున్నాడో లేదో కనుక్కుని, ఆ తర్వాతగానీ అసలు సంగతికి వచ్చేది కాదు. ఆ రోజు మాత్రం అవేవీ లేవు.

"తమ్ముడూ, ఈసారైనా ఆయన్ని నోరు తెరవనివ్వకు."

మేస్త్రీ మంచం అంచున కూచుని ఎడమ మోకాలు రుద్దుకుంటూ, ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ తెరిపించిన మనిషి నోరు తాను మూయించడం అయ్యే పనేనా అక్కా అన్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు. వంటింట్లో కొళాయి కారుతోందని చెప్పి పదకొండు దాకా ఆయన్ని ఇంట్లోనే ఆపుతానని, ఆలోగా కొనడానికి వచ్చే ఆవిడకి విమానం చూపించి ఎలాగైనా మాట పుచ్చుకోమని చెప్పి ఫోను పెట్టేసింది.

కెప్టెన్‌గారు నిజానికి కెప్టెను కారు, పళ్ళ డాక్టరు. ఇరవయ్యారేళ్ళ కిందట ఒక చిన్న విమానం కొనుక్కున్నారు. నాలుగు సీట్లు, ముక్కు దగ్గర ఒక్కటే ఇంజను, తలమీద గొడుగులా రెక్క. కారులో ఉన్నట్టే దానికీ సిలిండర్లూ పిస్టన్లూ ప్లగ్గులూ ఉంటాయి, కాకపోతే కారు ఆగిపోతే దిగి తోసుకోవచ్చు. ఊరి చివర మైదానంలో పెద్ద విమానాలు రావు, ఇలాంటి బుల్లివే పది పన్నెండు రేకుల షెడ్లలో ఉండేవి. తెల్ల టోపీ పెట్టుకుని మొదటిసారి షెడ్డుకి వచ్చిన రోజే క్యాంటీన్ నడిపే అక్క ఆయనకి కెప్టెన్ అని పేరు పెట్టింది. ఎగతాళికే పెట్టింది. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నారు.

పద్ధెనిమిదేళ్ళుగా ఆ విమానానికి మందూ మాకూ చూసేది మేస్త్రీయే. అప్పట్లో అతని చేతికింద ఎనిమిది విమానాలు ఉండేవి. ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి, చెడిపోయాయి, చివరికి ఇదొక్కటే మిగిలింది. కిందటేడు కెప్టెన్‌గారి కుడికంట్లో ఏదో మసక తేలిందని, ఇక విమానం నడపడానికి వీల్లేదని డాక్టర్లు కాగితం రాసిచ్చారు. అది చాలదన్నట్టు మైదానం వాళ్ళు ఈ నెలాఖరుకి షెడ్లు కూలగొడతామని నోటీసు అంటించారు. ఆలోగా కొనేవాళ్ళు దొరక్కపోతే విమానం బయట వానలో నిలబడాలి. అలా ఒక్క వానాకాలం నిలబడితే రెక్కల లోపల తుప్పు పట్టి ఇంకెందుకూ పనికిరాదు. పాత ఇనుము కొనేవాడు అప్పుడే ఒకసారి వచ్చి, దాని చుట్టూ తిరిగి, తోకమీద వేళ్ళతో కొట్టి చూసిపోయాడు. ఆ చప్పుడు మేస్త్రీకి రెండు రోజులు చెవుల్లోంచి పోలేదు.

అతనికీ ఓపిక అయిపోయింది. భుజం పైకి లేవదు, మోకాలు వంగదు, ఇంజను కిందకి దూరితే మళ్ళీ బయటికి రావడానికి ఎవరో ఒకరు చెయ్యందించాలి. పానాలు పక్కన పడేసి ఇంట్లో కూచోవాలని మూడేళ్ళ నుంచి అనుకుంటున్నాడు. కానీ ఈ విమానం ఎవరో ఒకరి చేతిలో పడితేగానీ మనసొప్పదు.

కొనేవాళ్ళు రాకపోలేదు, ఇద్దరొచ్చారు. మొదటివాడు రోడ్లు వేయించే కాంట్రాక్టరు. విమానం చూశాడు, నచ్చింది. టీ తాగుదాం రండంటూ కెప్టెన్‌గారు క్యాంటీన్‌కి తీసుకెళ్ళి, గాల్లో ఉండగా రెక్కని మోసే కడ్డీ పట్టుకుని తాను అరగంట వేలాడిన వైనం వివరించారు. కాంట్రాక్టరు తిరిగొచ్చి ఆ కడ్డీ వంక అదోలా చూసి, ఇంత బరువు వేలాడితే లోపల పగుళ్ళు రావా అని గొణిగి, మళ్ళీ ఫోను ఎత్తలేదు. రెండోసారి విమానం నేర్పే బడివాళ్ళు వచ్చారు. ఇంజను ఎప్పుడైనా గాల్లో ఆగిందా అని అడిగితే కెప్టెన్‌గారు ఛాతీ విరుచుకుని ఏడుసార్లు అన్నారు. ఒక్కసారి కూడా ఆగలేదని మేస్త్రీకి తెలుసు. కానీ అంత వయసు మనిషిని నలుగురిలో అబద్ధాలకోరని ఎలా అంటాడు? బడివాళ్ళు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

ఈసారి వచ్చినావిడ పశువుల డాక్టరమ్మ. నలభై దాటి ఉంటుంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు. తొమ్మిదిన్నరకే వచ్చేసి, మాటలేమీ లేకుండా విమానం పొట్టకిందకి దూరి, టార్చి వేసి ప్రతి రివెట్టూ చూసింది. ఇంజనులోంచి ఒక చుక్క ఆయిలు వేలిమీద వేసుకుని బొటనవేలితో నలిపి చూసింది. నాలుగు సిలిండర్లలోనూ గాలి ఎంత నిలుస్తోందో ఒక్కొక్కటీ తన కళ్ళముందు కొలిపించుకుంది. ఆ తర్వాత విమానం తాలూకు రికార్డు పుస్తకాలు అడిగి, పనిముట్ల పెట్టెమీద కూచుని మొదటి పేజీ నుంచీ చదవడం మొదలుపెట్టింది. అవి మూడు లావుపాటి పుస్తకాలు. సాధారణంగా కొనేవాళ్ళు చివరి నాలుగు పేజీలు తిప్పి మూసేస్తారు. ఈవిడ తిప్పడం లేదు, చదువుతోంది.

మేస్త్రీ గోడ గడియారం వంక చూసుకుంటూ ఉన్నాడు. పది ముప్పావైంది. చూస్తుండగానే పదకొండుకి పది నిమిషాలే మిగిలింది. ఇంకా మాట రాలేదు. ఏమంటారమ్మా అని రెండుసార్లు కదిపి చూశాడు. చూద్దాం అంటూ ఆవిడ మూడో పుస్తకంలో చివరి పేజీ తిప్పింది. అంతలో బయట కారు చప్పుడైంది. కొళాయి బాగుపడిపోయినట్టుంది.

కెప్టెన్‌గారు ఇస్త్రీ చొక్కా, తెల్ల టోపీలో దిగారు. విమానం పక్కన అమ్మేవాడిలా నిలబడ్డారు గానీ, చెయ్యి మాత్రం దాని ముక్కుమీదే పెట్టుకున్నారు. డాక్టరమ్మని పలకరించి, ఇంత దూరం వచ్చినవాళ్ళు టీ తాగకుండా వెళ్ళడం ఎలాగండీ అన్నారు. సిలిండరు మూతలు ఇంకా బిగించాలి, మీరు ఇక్కడే ఉండండి సార్ అని మేస్త్రీ అడ్డం పడబోయాడు. మూతలెక్కడికీ పోవు మేస్త్రీ, నువ్వూ రా, సాక్ష్యానికి ఉంటావు అంటూ భుజం తట్టారు. తట్టింది సరిగ్గా నొప్పి ఉన్న భుజమే. మేస్త్రీ కాళ్ళీడ్చుకుంటూ వెనకే నడిచాడు.

క్యాంటీన్ అంటే రేకుల చూరు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. అప్పటికే అక్కడ రేడియో బాబాయి కూచుని ఉన్నాడు. ఒకప్పుడు పైకెగిరిన వాళ్ళతో రేడియోలో మాట్లాడే ఉద్యోగం ఆయనది. ఇప్పుడు ఎగిరేవాళ్ళు తగ్గిపోయి రేడియో గదిలో కన్నా క్యాంటీన్లోనే ఎక్కువగా ఉంటాడు. కెప్టెన్‌గారిని చూడగానే కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. అక్క ఐదు గ్లాసులు పెట్టి, తనది తను పట్టుకుని గుమ్మంలో ఆనుకుంది.

మొదలుపెట్టడం చాలా చిన్నగానే మొదలుపెట్టారు. ఈ ఇంజను ఎంత మంచిదంటే, ఇన్నేళ్ళలో ఒకే ఒక్కసారి చిన్న దగ్గు దగ్గిందండీ అన్నారు. ఉత్త దగ్గు. వంతెన కొట్టుకుపోయిన ఏడాది, ఆ పెద్ద వానలు పడిన నెలలోనే. పొద్దున ఎనిమిదింటికి ఒక్కణ్ణే బయల్దేరాను, నాలుగు వేల అడుగుల ఎత్తుకి వెళ్ళాను, అక్కడ ఒక ప్లగ్గు మొరాయించింది.

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆ ప్లగ్గు అతనికి తెలుసు. అతను పనిలో చేరిన మొదటి ఏడాది సంగతది. విమానం నేలమీదే ఉంది. ఎగరబోయే ముందు ఇంజను పరీక్షించుకుంటుంటే ఒక ప్లగ్గు సరిగ్గా మండలేదు. వెనక్కి షెడ్డుకి తెచ్చారు. మేస్త్రీ దాన్ని విప్పి, పట్టిన మసి బ్రష్షుతో గీకి మళ్ళీ బిగించాడు. పది నిమిషాల పని. అంతసేపూ కెప్టెన్‌గారు పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకున్నారు. మరుసటేడు చెప్పినప్పుడు ఆ ప్లగ్గు అప్పుడే నేలవదిలిన విమానంలో ఉంది. ఆ పైయేడు ఐదొందల అడుగుల మీద. తర్వాత వెయ్యి, రెండువేలు. విమానం దిగినా ప్లగ్గు మాత్రం ఏటా ఎక్కుతూనే ఉంది.

"దగ్గుతున్న ఇంజనుతో ఎంతదూరం పోతాం చెప్పండి. ఎదురుగా చూస్తే నల్లటి మబ్బు, గోడ కట్టినట్టు. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

డాక్టరమ్మ తెలియదంది.

నడుముకున్న బెల్టు ఊడదీసి స్టీరింగుని సీటుకి కట్టేశారట. విమానం బుద్ధిగా తన దారిన తాను పోతోందట. తలుపు తెరిచి, చక్రంమీద ఒక కాలూ కడ్డీమీద ఒక చెయ్యీ వేసి ఇంజను దగ్గరికి పాకారట. అంత గాలిలో టోపీ ఎగిరిపోలేదా అని అక్క అడిగింది. టోపీ ముందే విప్పి సీటుమీద పెట్టానమ్మా, ఆమాత్రం తెలీదా అన్నారాయన నొచ్చుకున్నట్టు. తీరా చూసుకుంటే పానా లేదట. ఉన్నదల్లా జేబులో పళ్ళు పీకే పట్కారు. ప్లగ్గుకీ జ్ఞానదంతానికీ తేడా లేదండీ, రెండూ తిన్నగా లాగితే రావు, ముందు అటూ ఇటూ కదిపి నమ్మించాలి, అప్పుడు వాటంతటవే వస్తాయి అని ఆయన చేత్తో చూపిస్తుంటే, రేడియో బాబాయి తెలియకుండానే తన దవడ పట్టుకున్నాడు.

మేస్త్రీ బల్లకింద ఆయన కాలు తొక్కాడు. ఆయన కాలు పక్కకి తీసుకుని చెప్పుకుపోయారు. అతనికి కోపం కూడా రాలేదు. కోపానికి కూడా కొంచెం బలం కావాలి. పొద్దున ఫోనులో ఆవిడ గొంతు గుర్తొచ్చింది. సాయంత్రం మళ్ళీ చేస్తుంది, ఏమైందంటుంది. ఏం చెప్పాలో ఇప్పటినుంచే వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ప్లగ్గు ఊడొచ్చింది. మసి గీకాను. పింగాణీ కొంచెం చిట్లితే పళ్ళకి పూసే సిమెంటు పూశాను. ఇక బిగిద్దామని వంగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేతిలోంచి జారిపోయింది."

రేడియో బాబాయి టీ గ్లాసు దించాడు. నాలుగు వేల అడుగుల పైనుంచి ప్లగ్గు కిందపడితే ఇక దొరుకుతుందా అన్నాడు. అందరూ అలాగే అనుకుంటారు బాబాయ్, అందుకే అందరి ప్లగ్గులూ పోతాయి అన్నారు కెప్టెన్‌గారు. ఆయన మాత్రం ఒక్క గెంతులో సీట్లోకి వచ్చి, బెల్టు విప్పి, ముక్కు కిందకి పెట్టి విమానాన్ని ప్లగ్గు వెనకాల దింపారట. మొదట ప్లగ్గు ముందుంది. రెండువేల అడుగుల దగ్గర ఇద్దరూ సమానమయ్యారు. కిటికీ పక్కనే, రైల్లో వెళ్తుంటే పక్క పట్టాలమీద రైలు కదలనట్టే కనపడుతుందే, అలా ప్లగ్గు నిలబడినట్టు ఉందట. అద్దం జరిపి చెయ్యి చాపి, చెట్టుమీద పండు కోసినట్టు అందుకున్నారట.

"వేడిగా ఉందా?" డాక్టరమ్మ అడిగింది.

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చల్లారిపోయిందన్నారు. ఆవిడ తలూపింది. మేస్త్రీకి మాత్రం ఆ తలూపడం కాంట్రాక్టరు చూసిన చూపులాగే తోచింది. సార్, ఎండ పెరుగుతోంది, ఆవిడకి చాలా దూరం వెళ్ళాలి అన్నాడు. వెళ్తారయ్యా, ఇంకెంతసేపు, ప్లగ్గు చేతికందిందని చెప్పి మధ్యలో పంపించేస్తే ఆవిడకి నిద్ర పడుతుందా అన్నారు.

ప్లగ్గు బిగించేసరికి ముక్కు దగ్గర తిరిగే పంకా పూర్తిగా ఆగిపోయిందట. బ్యాటరీ కూడా చచ్చిపోయింది. నేల ఇంకా వెయ్యి అడుగులుంది. మళ్ళీ బయటికి పాకి, ఇంజను రేకుమీద బోర్లా పడుకుని, చేత్తో పంకా తిప్పారట. మొదటిసారి పలకలేదు. రెండోసారి మూలిగింది. మూడోసారి అందుకుంది. ఆ గాలికి రేకుమీద నుంచి వెనక్కి జారి, జారి, సరిగ్గా తెరిచి ఉన్న తలుపులోంచి సీట్లో పడ్డారట. బెల్టు కూడా దానంతటదే పెట్టుకుందా అని అక్క అడిగింది. బాబాయి కిసుక్కున నవ్వాడు. కెప్టెన్‌గారు వినిపించుకోలేదు. ఆయన అప్పటికే ముప్ఫైవేల అడుగుల ఎత్తున ఉన్నారు.

ఎందుకంటే సిమెంటు పూసిన ఆ ప్లగ్గు వల్ల ఇంజనుకి ఎక్కడలేని బలం వచ్చింది, ఆపినా ఆగలేదు, మబ్బు చీల్చుకుని పైకి పోయింది. పైన ఒక పెద్ద విమానం, మూడొందల మంది జనం. దాన్ని నడిపేవాడు రేడియోలో ఒకటే మూలుగు. ఏమయ్యా ఏమిటంటే పన్ను నొప్పి, కళ్ళు కనపడడం లేదు, ఎలా దించాలో తెలియడం లేదు అన్నాడట.

"రెక్కకి రెక్క ఆనించాను. నువ్వు కిటికీ తీసి నోరు తెరిచి పెట్టు, ఊపిరి ముక్కుతో పీల్చు, మిగతాది నాకొదిలెయ్ అన్నాను. ఎడమచేత్తో స్టీరింగు, కుడిచేత్తో పట్కారు. కింద దవడ, చివరి నుంచి రెండోది. ఒక్కసారి కదిపాను, రెండోసారి వచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడొందల మందీ లేచి చప్పట్లు. అద్దాల్లోంచి నాకు వినపడ్డాయి. ఆ పన్ను ఇప్పటికీ మా ఇంట్లో అగ్గిపెట్టెలో ఉంది."

మత్తు ఇవ్వలేదా అన్నాడు రేడియో బాబాయి. అంత టైమెక్కడిది బాబాయ్ అన్నారు కెప్టెన్‌గారు. చెప్పి చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి కుర్చీలో వెనక్కి వాలారు. గెలిచిన మొహమే. కానీ ఖాళీ గ్లాసు మళ్ళీ పెదాల దాకా ఎత్తి దించడం మేస్త్రీ చూశాడు. ఆయనా అలిసిపోయి ఉన్నారు. ఈ కథ మోసుకుని ఇంత ఎత్తుకి ఎక్కడం డెబ్బై ఏళ్ళ మనిషికి తేలిక పనేమీ కాదు. ఉన్నట్టుండి మేస్త్రీకి ఒకటి తట్టింది. ఈయన కొనేవాళ్ళని చూసి గొప్పలు పోవడం లేదు. బెదరగొడుతున్నారు. తెలిసి చేస్తున్నారో తెలియక చేస్తున్నారోగాని, ఎవరొచ్చినా ఇలాగే వెనక్కి పంపించేస్తారు.

డాక్టరమ్మ గ్లాసు బల్లమీద పెట్టింది.

"వంతెన పోయిన ఏడాది నాకు బాగా గుర్తండీ. ఆ వరదలో నూట ఎనభై గొడ్లకి సూదులు వేశాను," అంది. "ఆ నెలలో మీ విమానానికి ఇంజను లేదు."



ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. ఆవు జబ్బు గురించి రైతుకి చెప్పినట్టు చెప్పింది. ఆయిలు మార్చినప్పుడు అడుగున లోహపు పొడి కనపడిందని మేస్త్రీ ఇంజను దింపేశాడు. విప్పి, లోపల అరిగినవన్నీ కొత్తవి వేయించి మళ్ళీ ఎక్కించేసరికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ విమానం ముక్కు ఖాళీగా, షెడ్డులోనే ఉంది. రికార్డు పుస్తకంలో తేదీలతో సహా మేస్త్రీ చేతిరాతే ఉంది. అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. ముక్కు ఖాళీగా ఉంటే చూడలేక కెప్టెన్‌గారు ఆ ఐదు నెలలూ షెడ్డు వైపు రానే లేదు.

క్యాంటీన్ అక్క మొహం పక్కకి తిప్పుకుంది. రేడియో బాబాయి, ఇంజను లేకుండానే ముప్ఫైవేల అడుగులా అని మొదలుపెట్టబోయి, ఆయన మొహం చూసి మిగతాది టీతో మింగేశాడు. కెప్టెన్‌గారు ఏదో అనబోయారు. అందుకే కదమ్మా అంత కష్టమైంది అని తిప్పికొట్టాల్సిన మనిషి. మామూలు రోజైతే అనేవారే.

"మొత్తం చదివాను," అంది డాక్టరమ్మ. "ఇరవయ్యారేళ్ళు. పద్నాలుగు వందల సార్లు పైకెళ్ళింది, పద్నాలుగు వందల సార్లు ఇక్కడే దిగింది. ప్రతిసారీ నలభై నిమిషాలు, యాభై నిమిషాలు. ఇంకెక్కడా దిగలేదు. ఒక్కసారి కూడా ఏమీ జరగలేదు."

కెప్టెన్‌గారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. టోపీ లేకపోతే ఆయన పళ్ళ డాక్టరులాగే కనపడ్డారు.

తొమ్మిదేళ్ళ కిందట రెక్కల్లో అదనపు పెట్రోలు ట్యాంకులు పెట్టించారు కదా, ఆరుగంటలు ఆగకుండా వెళ్ళడానికి అని ఆవిడ అడిగింది. వాటిలో ఒక్కసారి కూడా పెట్రోలు పోసినట్టు లేదే అంది. ప్రపంచమంతా చూపించే మ్యాపుల తెర పెట్టించారు, దూరం మాట్లాడే రేడియో పెట్టించారు, కొత్త పంకా వేయించారు, మరి ఎటూ వెళ్ళలేదేం అంది.

అది మేస్త్రీకి కూడా తెలియదు. ఆ ట్యాంకులు పెట్టింది తనే. వాటికోసం రెక్కలో రెండు రోజులు బోర్లా పడుకున్నాడు, భుజం పోయింది అప్పుడే. ఎప్పుడు నింపుతారు సార్ అని మొదట్లో అడిగేవాడు. వచ్చే నెల అనేవారు. తర్వాత అడగడం మానేశాడు.

కెప్టెన్‌గారు మెల్లిగా చెప్పడం మొదలుపెట్టారు. గొంతు ఎంత తగ్గిందంటే అక్క గుమ్మంలోంచి దగ్గరికి రావలసి వచ్చింది. కొన్న కొత్తలో ఆయన భార్య భయపడేదట. మేడమీద నుంచి కనపడేంత దూరమే వెళ్ళమంది. సరేనని మాటిచ్చారు. పైనుంచి చూస్తే ఆవిడ బట్టలు ఆరేస్తూ తలెత్తి చూడడం కనపడేదట. ఊరి చుట్టూ ఒకసారి, చెరకు తోటల మీదుగా ఒకసారి, మళ్ళీ ఇంటిమీదుగా వెనక్కి.

"ఆవిడ ఆ మాట ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తుచెయ్యలేదు. నేనే అడగలేదు."

"ఏమని?" అన్నాడు మేస్త్రీ.

"ఇంకొంచెం దూరం వెళ్ళొస్తానని." కెప్టెన్‌గారు టోపీ అంచు వేళ్ళతో తిప్పారు. "అడిగితే వెళ్ళమంటుందేమోనని భయం మేస్త్రీ. వెళ్ళమంటే వెళ్ళాలి కదా."

పద్ధెనిమిదేళ్ళలో ఆ మనిషి నోట మేస్త్రీ విన్న మొదటి నిజం అదేనేమో. ఆయన పక్కనే కూచుని కూడా ఎటు చూడాలో తెలియక బల్లమీద టీ మరకలు చూస్తూ ఉండిపోయాడు. ఇక అయిపోయింది, ఈవిడా వెళ్ళిపోతుంది, పాత ఇనుము వాడికి కబురు చెయ్యడమే అనుకున్నాడు.

డాక్టరమ్మ లేవలేదు.

తనకి వారానికి మూడుసార్లు కొండల అవతల పశువుల మందల దగ్గరికి వెళ్ళాలట. రోడ్డున వెళ్తే పోనూ రానూ రెండు రోజులు. తను వెళ్ళేసరికి సగం గొడ్లు చచ్చిపోతున్నాయి. అందుకని ఈ ఏడాదంతా విమానాలు చూస్తూ తిరుగుతోంది. పదకొండు చూసింది. ప్రతిదానికీ ఒక కథ ఉంది. పొలంలో దిగిందొకటి, పక్షిని గుద్దిందొకటి, చక్రాలు రాక పొట్టమీద జారిందొకటి.

"పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి తెచ్చేది కావాలి నాకు. ఏ కథా లేనిది ఇదొక్కటే కనపడింది. ఇలా ఉంచడం ఎంత కష్టమో నాకు తెలుసండీ. నేనూ ప్రాణుల్ని చూసేదాన్నే," అంది. "తీసుకుంటాను."

మేస్త్రీ ఊపిరి మెల్లిగా వదిలాడు. అనుకున్న సంతోషం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. వంద మెట్లెక్కిన తర్వాత కాళ్ళలో ఉండే సలుపు లాంటిదేదో ఒళ్ళంతా పాకింది, అంతే. కెప్టెన్‌గారు కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని తెరిచారు, మంచి కన్నూ మసక కన్నూ కూడా. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, నేలమీద నడిపేటప్పుడు ఎడమ బ్రేకు కొంచెం ముందుగా పట్టుకుంటుందమ్మా, సగమే తొక్కండి అన్నారు. చలిరోజుల్లో స్టార్టు చేసేముందు పెట్రోలు పంపు నాలుగుసార్లు కొట్టండి, ఐదోసారి కొడితే తడిసిపోతుంది. కుడి తలుపు గొళ్ళెం పడినట్టే చప్పుడు చేస్తుంది గానీ పడదు, మోచేత్తో ఒకసారి నొక్కి చూసుకోండి. దిగేటప్పుడు చివర్లో కాస్త పైకి తేలుతుంది, కంగారుపడకండి, దాని మానాన దాన్ని వదిలెయ్యండి, కూచుంటుంది.

ప్రతి ముక్కా నిజమే. తలుపు గొళ్ళెం సంగతి మేస్త్రీకి కూడా తెలియదు. డాక్టరమ్మ జేబులోంచి చిన్న పుస్తకం తీసి అన్నీ రాసుకుంది. రేడియో బాబాయి ఒక్కసారి కూడా నవ్వలేదు. అక్క వెళ్ళి మళ్ళీ టీ పెట్టింది.

చెప్పడం అయిపోయాక కెప్టెన్‌గారు మైదానం వంక తిరిగారు. గాలి దిక్కు చూపించే గుడ్డ గొట్టం ఒకసారి నిండి మళ్ళీ వాలిపోయింది.

"కొండల అవతల ఎలా ఉంటుందమ్మా?" అని అడిగారు.

పెద్దగా చెప్పుకోవడానికేం లేదండీ అంది ఆవిడ. కొండలు దాటగానే నేల ఒక్కసారిగా బల్లపరుపుగా అయిపోతుంది. అంతా గడ్డే. గాలి వీచినప్పుడల్లా రంగు మారుతూ ఉంటుంది.

కెప్టెన్‌గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు.

"ఇంకా?"

ఒక ఏరు ఉంది, సన్నగా, వంకరలు తిరుగుతూ అంది. పొద్దున్నే వెళ్తే ఆవులన్నీ దాని ఒడ్డునే ఉంటాయి, పైనుంచి చూస్తే గింజలు చల్లినట్టు కనపడతాయట. అక్క టీ గ్లాసులు తెచ్చి చప్పుడు కాకుండా బల్లమీద పెట్టింది. సిలిండరు మూతలు బిగించాలని లేవబోయిన మేస్త్రీ, మోకాలు సరిచేసుకుని, మళ్ళీ కూచున్నాడు.